ఇరవై మూడు సిలువలు

పూజగుడ్డకు ఎప్పుడూ తిరగేసి ఇస్త్రీ చేయాలి. బల్ల మీద మందపాటి తువాలు పరిచి, కుట్టుపని ఉన్న వైపు కిందికి పెట్టి, వెనక నుంచి పెట్టె నడపాలి. అప్పుడు కుట్టు తువాలు మెత్తదనంలోకి దిగుతుంది, గుడ్డ తిప్పగానే పైకి తేలుతుంది. ముఖం మీద పెట్టె పెట్టారో, ఎంత మంచి కుట్టయినా తొక్కిన ఆకులా అణిగిపోతుంది.

ఆ శనివారం పొద్దున ఆరున్నరకల్లా గంజక్క తొమ్మిది గుడ్డలు మడిచి పక్కన పెట్టింది. ఇంకా పద్నాలుగున్నాయి. గంజి పెట్టడంలో ఆమెకు సాటి లేరని నలుగురూ ఆ పేరుతోనే పిలుస్తారు. అరవై ఒక్కటి నిండాయి. కుడి భుజం ఎడమదానికంటే బొటనవేలంత ఎత్తు. సోడా నీళ్లకు వేళ్ల కణుపులు పగిలి, ఎండిన చెరకు గెడల్లా ఉంటాయి. మణికట్టు లోపలి వైపు పడవ ఆకారంలో కాలిన మచ్చ ఒకటుంది. అది ఎప్పటిదని అడిగితే, ఏ ఈస్టరు పండుగకు ముందు రోజు కాలిందో సంవత్సరంతో సహా చెబుతుంది.

ప్రతి గుడ్డ అంచు మధ్యలో వేలి గోరంత ఎర్ర సిలువ ఉంది. మొత్తం ఇరవై మూడు గుడ్డలు, ఇరవై మూడు సిలువలు. అన్నీ అక్క కుట్టినవే.

అక్క పక్కగదిలో ఉంది. తలుపు తీసే ఉంది. పెట్టె గుడ్డ మీద జరిగే చప్పుడుకూ, లోపలి నుంచి వచ్చే ఊపిరికీ మధ్య పొద్దుటి నుంచి ఏదో లెక్క కుదిరింది. పెట్టె ముందుకు వెళ్తే ఊపిరి లోపలికి, పెట్టె వెనక్కి వస్తే ఊపిరి బయటికి. పెట్టె ఆగినప్పుడల్లా గంజక్క చెవులు రిక్కించింది.

గురువారం డాక్టరు మంచం దగ్గర ఏమీ చెప్పలేదు. మెట్ల దగ్గరికి వచ్చాక, "రెండు రోజులమ్మా. మూడో రోజు దేవుడి దయ," అన్నాడు. రెండు రోజులూ అయిపోయాయి.

అక్కకు డెబ్బై మూడు. కుట్టుమిషను మీద వంగి వంగి వీపు కొడవలి అయింది. పాదాలు నీరు పట్టి ఉబ్బాయి. నోరు మాత్రం ఏ రోగానికీ లొంగలేదు. ఆమె ఒక్కటే అడుగుతోంది: పోయే ముందు అవస్థాభ్యంగనం కావాలి. నుదుటి మీద, కళ్ల మీద, చేతుల మీద నూనె పూసి, పాత పుస్తకంలోని లాటిన్ మాటలు చెప్పి సాగనంపే గురువు ఒకరు కావాలి.

అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. ఇచ్చే మనిషి రెండు వీధుల అవతలే ఉన్నాడు. కానీ ఆ రెండు వీధులకూ మధ్య పదకొండేళ్లు పడి ఉన్నాయి.

*

వాళ్ల గుడి చూడటానికి గుడిలా ఉండదు. కింద మూతబడిన చెప్పుల గోదాము, పైన పొడవాటి హాలు. ఎప్పుడో రోములో పెద్దలు పూజ పద్ధతి మార్చినప్పుడు, పెద్ద గుడి వదిలిపెట్టి వచ్చిన కుటుంబాలు ఆ హాలు అద్దెకు తీసుకున్నాయి. గురువు ఇప్పటికీ జనానికి వీపు చూపించి, బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లోనే పూజ చేస్తాడు. అందరిదీ ఒకే మాట, ఒకే జపం. అక్క కుట్టేది, గంజక్క ఉతికేది, వీధి మొగలో తాళాలు బాగుచేసే తమ్ముడు పీఠం దగ్గర మోకాళ్ల మీద ఉండి గురువుకు నీళ్లూ ద్రాక్షరసమూ అందించేవాడు.

పూజ మధ్యలో గురువు గొంతు తగ్గించి, తనకు తప్ప ఎవరికీ వినిపించకుండా చెప్పే పెద్ద జపం ఒకటుంది. అందులో ఒక చోట పోపుగారి పేరు ఎత్తాలి. వెనక బెంచీల్లో వాళ్లకు అక్కడ పేరు ఎత్తినా తెలియదు, ఎత్తకపోయినా తెలియదు. పూజ చేసే ఫాదర్‌గారికి చూపు మందం. అందుకని పేరు పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం ముక్క పుస్తకంలో ఆ వాక్యం పక్కన గుండుసూదితో గుచ్చి ఉండేది.

పదకొండేళ్ల కింద ఒక శనివారం గంజక్క పీఠం గుడ్డ మారుస్తూ పుస్తకం పక్కకు జరిపింది. కాగితం లేదు. గుండుసూది గుచ్చిన రెండు చిల్లులు మాత్రం ఉన్నాయి.

ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటికి వచ్చి, "అక్కా, పుస్తకంలో పోపుగారి పేరు తీసేశారే," అంది. గాలికి ఎగిరిపోయిందేమో, కొత్తది రాసిపెడదామనే అంది. మర్నాడు అక్క నిండు హాలులో లేచి నిలబడి అడిగింది: "ఫాదర్‌గారూ, పేరెందుకు తీశారు?"

రోము కుర్చీలో కూర్చున్నాయన అసలు పోపు కాడని, పాత విశ్వాసం వదిలినవాడు ఆ కుర్చీకి తగడని, కుర్చీ ఎన్నో ఏళ్లుగా ఖాళీగానే ఉందని ఫాదర్‌గారు చెప్పారు. ఎన్నో రాత్రులు ఏడ్చి ఈ నిర్ణయానికి వచ్చానన్నారు. ఆయన ఏడ్చింది నిజమే కావచ్చు. అక్క మాత్రం, "తండ్రి తప్పు చేస్తే తప్పంటాం. తండ్రే కాడంటామా?" అని బయటికి నడిచింది. హాలులో సగం మంది ఆమె వెనకే వెళ్లారు. వంతెన అవతల ఒక గ్యారేజీలో వాళ్ల పూజ మొదలైంది. వాళ్ల గురువు నెలకొకసారి రైల్లో వస్తాడు. ఆయన ఆ పేరు ఎత్తుతాడు.

ఎవరికీ వినిపించని ఒక్క పేరు. దాని కోసం నిశ్చితార్థాలు తప్పిపోయాయి. తమ్ముడు అక్కతో మాట మానేశాడు. అతను కింది వాటాలోనే ఉంటాడు. అక్కతో పని పడితే పైకప్పు వైపు చూసి, "మేడ మీద వాళ్లు కొళాయి కట్టేస్తే బాగుండు," అంటాడు. అక్క కిటికీలోంచి, "కింద వాళ్లు నోరు కట్టేస్తే ఇంకా బాగుండు," అంటుంది.

మరి గంజక్క ఎటు? ఆమెను ఎవరూ అడగలేదు. గుడ్డలు ఉన్న చోటే ఆమె ఉండిపోయింది. రోములో కుర్చీ నిండి ఉన్నా ఖాళీగా ఉన్నా శనివారానికి గుడ్డలు ఉతికి ఉండాలి కదా.

*

వంతెన అవతలి గురువు ఫోనులో, "మంగళవారం కంటే ముందు రైలు దొరకదమ్మా," అన్నాడు.

"పెద్ద గుడి ఫాదరును పిలవనా?" అంది గంజక్క, అక్క పెదాలు తడిగుడ్డతో తుడుస్తూ.

"ఆ కుర్రాయన మంచివాడేనే. ఆ కొత్త మాటలు నా చెవికి పట్టవు. పోయేటప్పుడైనా తెలిసిన మాటలు వింటూ పోనీ." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మీ ఫాదర్‌గారినే పిలువు. నూనె నూనే కదా."

పదకొండేళ్లలో ఫాదర్‌గారిని పిలవమనడం అదే మొదటిసారి. అంటే అక్కకు భయం వేస్తోంది. అది అర్థమయ్యాక గంజక్క తడిగుడ్డ పిండుతూ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ అక్క వీపు మీద పెరిగింది తను. అమ్మ పోయినప్పుడు తనకు ఎనిమిది, అక్కకు ఇరవై. ఆ ఇరవయ్యో ఏడు నుంచి మిషను తొక్కి తననూ తమ్ముణ్ణీ పెంచిన మనిషి దేనికీ భయపడగా చూడలేదు.

పదకొండింటికి మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. ఫాదర్‌గారు ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కుతున్నారు. నల్ల అంగీ మోకాళ్ల దగ్గర తెల్లబడిపోయింది. గుండె మీది జేబులో నూనె డబ్బీ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. దాన్ని చూడగానే గంజక్క ప్రాణం లేచి వచ్చింది. ఆయన వెనక తమ్ముడు తల దించుకుని ఎక్కుతున్నాడు.

అక్క కళ్లు తెరిచి ముందు తమ్ముణ్ణే చూసింది. "రారా. కింది వాటా నుంచి పై వాటాకు పదకొండేళ్లు పట్టిందా? మెట్లు మరీ ఎక్కువైనట్టున్నాయి."

తమ్ముడు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

ఫాదర్‌గారు కుర్చీలో కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, నీ ఆత్మ కోసం వచ్చాను. ఒక్క మాట చెప్పు చాలు. రోములో ఉన్న మనిషి పోపు కాడు, అతని పేరుతో జరిగే పూజలకు వెళ్లి తప్పు చేశాను. మీ తమ్ముడు సాక్షి. ఈ మాట అన్న వెంటనే నీ పాపాల ఒప్పుకోలు వింటాను, నూనె పూస్తాను."

"అనకపోతే?"

"నేను అబద్ధానికి నూనె పూయలేనమ్మా. దేవుడికి జవాబు చెప్పుకోవాల్సినవాణ్ణి."

గంజక్క మంచం పక్కన చతికిలబడి అక్క చెవిలో, "అనెయ్యవే. ఆ రోము ఆయన విన్నాడా, చూశాడా? అక్కడ ఆయన అన్నం తింటుంటాడు. నువ్వు అన్నావని ఆయనకెవరు చెబుతారు?" అంది.

అక్క చాలాసేపు కళ్లు మూసుకుంది. అంటుందనుకుంది గంజక్క. పెదవులు కదిలాయి కూడా.

"ఆయనెవరో నాకేం తెలుసే," అంది చివరికి. "మంచివాడో చెడ్డవాడో. రోజూ మిషను ముందు కూర్చోగానే ఆయన కోసం ఒక పరలోక జపం చెబుతాను. దారం ఎక్కించేలోపు అయిపోతుంది. ఇన్నేళ్లు చెప్పి, ఇప్పుడు నాకు పని పడిందని ఆయన్ని ఎరగనంటానా?" ఫాదర్‌గారి వైపు తల తిప్పింది. "ప్రభువును ఎరగనన్నాయన ఒకాయన ఉన్నాడు కదండీ. కోడి కూసింది. ఏడ్చాడు. ఆ రోము కుర్చీలో మొదట కూర్చున్నది ఆయనేనని మీకు నేను చెప్పాలా?"

ఫాదర్‌గారు కర్ర అందుకున్నారు. ఆయన లేచారు.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు," అంది అక్క, నవ్వబోయి దగ్గుతూ. "పోనీలేండి. మెట్లు జాగ్రత్త."

*

గంజక్క మెట్ల మధ్యలో ఆయన్ని ఆపింది. ముప్పై నాలుగేళ్లుగా ఆయనకు ఎదురు నిలబడి మాట్లాడి ఎరగదు. గుడ్డల మూట ఇవ్వడం, తీసుకోవడం, "సరే ఫాదర్" అనడం. అంతే.

"ఆ డబ్బీలో నూనె ఎవరిది?"

"ఏమిటమ్మా?"

"మీ బిషప్పుగారు పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన ఆశీర్వదించిన నూనె అయిపోవస్తుంటే చుక్క చుక్క మామూలు నూనె కలుపుతూ వస్తున్నారు. కలపొచ్చన్నారు, సరే. ఆ సీసా కొనుక్కొచ్చేది నేనే. ఇప్పుడు దాంట్లో ముప్పాతిక వంతు బజారు నూనె. బజారు నూనె పవిత్రమైపోవచ్చు గానీ మా అక్క కాకూడదా?"

"నువ్వు దుఃఖంలో ఉన్నావు."

"దుఃఖం తర్వాత పడతాను. ఇప్పుడు నాకు కోపంగా ఉంది. రేపు పొద్దున మీరు పూజాపాత్ర పెట్టే గుడ్డ ఎవరు కుట్టారు? కళ్లు కనిపించక వేళ్లతో తడుముకుంటారే, ఆ సిలువ తగిలితేనే కదా ముందు వైపు ఏదో తెలిసేది? పదకొండేళ్లుగా అది తగలందే పాత్ర కింద పెట్టలేదు మీరు. అప్పుడు గుర్తు రాలేదా అబద్ధం?"

ఆయన దగ్గర ఉన్నది నిజంగానే విశ్వాసం. ఇల్లు, జీతం, తోటి గురువుల స్నేహం అన్నీ దాని కోసమే పోగొట్టుకున్నారు. అంత పోగొట్టుకున్నవాడు ఇంకొక ముసలామెను పోగొట్టుకోవడానికి వెనకాడడు. అది ఆమెకు ఆ మెట్ల మీదే తెలిసింది.

"ఆమె మనసు మారితే కబురు చెయ్యి. ఏ వేళయినా వస్తాను," అని ఆయన కర్ర కింది మెట్టు మీద పెట్టారు. తమ్ముడు ఆయన మోచెయ్యి పట్టుకుని దింపాడు.

గంజక్క పైకి వచ్చి ఇస్త్రీ పెట్టె మళ్లీ వేడిచేసింది. ఇంకేం చేయాలో ఆమెకు తెలియలేదు. ఇంకా ఆరు గుడ్డలున్నాయి.

మధ్యాహ్నం అక్క రెండు చెంచాల నీళ్లు తాగింది. "నీళ్లకు ఇనుము వాసన వస్తోందే," అంది. తర్వాత, "ఎర్ర దారం అయిపోయింది. కొన్నప్పుడు ఉప్పు నీళ్లలో మూడుసార్లు మరిగించాకే వాడు. లేకపోతే తెల్లగుడ్డకు రంగు దిగుతుంది," అంది. నాకెందుకు, నేను కుట్టేదాన్నా అని గంజక్క అనబోయి, "అలాగే," అంది.

రెండు దాటాక ఇరవై మూడో గుడ్డ తిరగేసి బల్ల మీద పరిచింది. పెట్టె ముందుకు వెళ్లింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకు వెళ్లింది. పెట్టెలో వేడి సరిపోయి టక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడు గదిలో ఒంటరిగా వినిపించింది.

ఆమె పెట్టె నిలబెట్టి, వైరు పీకి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది. అక్క కళ్లు సగం తెరిచి ఉన్నాయి. గంజక్క వాటిని మూసింది. వంటింట్లోకి వెళ్లి సీసాలోంచి బజారు నూనె అరచేతిలో పోసుకుని వచ్చి, అక్క నుదుటి మీద, కళ్ల మీద, చెవుల మీద, సూది పోట్లతో గట్టిపడిన వేళ్ల మీద పూసింది. మాటలేమీ చెప్పలేదు. ఆ మాటలు చెప్పే అధికారం తనకు లేదని ఆమెకు తెలుసు. పూసిన చోటల్లా చర్మం కాస్త మెరిసింది, అంతే.

*

తమ్ముడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. గంజక్క అతన్ని కూర్చోమనలేదు.

"వెళ్లి మీ ఫాదర్‌గారిని ఒకటి అడుగు. ఆ పెద్ద జపంలో పేరెత్తే చోట్లు రెండు. బతికున్నవాళ్లకొకటి, పోయినవాళ్లకొకటి. రేపు ఆ రెండో చోట అక్క పేరు ఎత్తుతాడేమో కనుక్కురా. గట్టిగా వద్దు. ఆయనకలవాటే కదా, లోపల్లోపలే."

అతను వెళ్లి అరగంటలో వచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసింది.

"విడిగా తన గదిలో ప్రార్థిస్తానన్నారు చిన్నక్కా. పూజలో మాత్రం కుదరదన్నారు."

గంజక్క అక్క కుట్టు డబ్బా తెచ్చింది. మంచం పక్కన స్టూలు వేసుకుని, ఇస్త్రీ చేసిన మొదటి గుడ్డ మడత విప్పింది. తిరగేసి, చిన్న కత్తెర మొనతో ఎర్ర దారం ఒక పోగు కింద ఎత్తి కత్తిరించింది. అక్క కుట్టుకు వెనక వైపు కూడా ముందు వైపంత శుభ్రంగా ఉంటుంది. ముడి ఎక్కడుందో వెతుక్కోవాలి. గోళ్లతో పట్టి లాగితే దారం వంకర్లు పోయి, పోగు తర్వాత పోగు ఊడి వచ్చింది.

"ఏం చేస్తున్నావు?"

"దారం తీస్తున్నా."

"అవి పూజగుడ్డలు!"

"గుడ్డ గుడికి ఇచ్చేస్తాను. గంజి నాది, అదీ ఇచ్చేస్తాను. కుట్టు అక్కది. అక్క పేరు పట్టని నోటికి అక్క చేతి పని ఎందుకు?"

తమ్ముడు గోడకు జారబడి కూర్చున్నాడు. రెండో గుడ్డ అయింది. మూడోది అయింది. ఏడో గుడ్డ దగ్గర అతను, "అక్క లేచి అడగకముందే, ఆ మొదటి ఆదివారమే నాకు వినపడింది," అన్నాడు. "పక్కనే ఉన్నాను కదా. పేరు దగ్గర ఆగి, దాటేశారు. నాకు వినపడలేదని అందరికీ చెప్పాను."

గంజక్క కత్తెర ఆగలేదు. "పదకొండేళ్లు నీ చెవిలో దాచుకుని, ఆమె చెవులు మూసుకున్నాక చెబుతున్నావా? బాగుందిరా."

"నేను కూడా ఒకటి తీయనా?"

"ముట్టుకోకు."

అతను ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది. ఓదార్చడం కూడా ఒక చాకిరీయే. ఈ రోజుకు ఆమె చేసిన చాకిరీ చాలు.

అయిదున్నరకు ఇరవై మూడో సిలువ ఊడింది. ఎర్ర దారాలన్నీ పోగేస్తే పిడికెడైనా కాలేదు. వాటిని ఉండలా చుట్టి అక్క కుడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. తర్వాత పెట్టె వేడిచేసి, గుడ్డలన్నీ మళ్లీ తిరగేసి ఇస్త్రీ చేసి, మూడు మడతల మీద మూడు మడతలు వేసి మూట కట్టింది. ఇప్పుడు తిరగేయాల్సిన పని లేదు గానీ చేతికి అదే అలవాటు.

వెలుతురు ఉండగానే గోదాము మెట్లెక్కింది. హాలులో ఎవరూ లేరు. పూజవస్త్రాల గదిలో సొరుగు లాగి గుడ్డలు పేర్చింది. అన్నిటికంటే పైన, రేపు పాత్ర కింద పరిచే గుడ్డ పెట్టింది. మెడలోని ఆ గది తాళంచెవి తీసి మేకుకు తగిలించింది. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి సొరుగు మూయకుండా వెళ్లిపోయింది.

పడమటి కిటికీలోంచి వచ్చిన ఎండ సొరుగులోని ఆ పై గుడ్డ మీద పడింది. మంచులా తెల్లగా, ఎక్కడా ముడత లేకుండా ఉన్న దాని అంచు మధ్యలో, గంజి పూడ్చలేకపోయిన సూది చిల్లులు సిలువ ఆకారంలో అలాగే ఉన్నాయి.